కూతపెట్టె

"సంతకం పెట్టేశావా?"

గుమ్మంలో చెప్పులైనా విడవకుండా అడిగింది ఆఫీసరమ్మ. ఎండ, మెట్లెక్కిన ఆయాసం, కోపం మూడూ కలిసి ఆమె ముఖాన్ని కందగడ్డ చేశాయి.

చిన్నకోడలు ఇస్త్రీ బల్ల దగ్గర్నుంచి కదల్లేదు. ఆసుపత్రి దుప్పటి మడత మీద బరువంతా మోపుతూ, "ఇంకా లేదు వదినా. నాలుగింటికి సంఘం వాళ్ళు వస్తామన్నారు" అంది.

"వస్తే?"

ఇస్త్రీపెట్టె దుప్పటి అంచు దాకా వెళ్ళి వెనక్కి వచ్చింది. 

కాయితం బల్ల చివరే ఉంది. ఎగిరిపోకుండా దాని మీద గుండీల గ్లాసు పెట్టారు. ఉతకడానికి వచ్చిన బట్టల జేబుల్లో దొరికినవన్నీ ఆ గాజుగ్లాసులోకే పోతాయి. గుండీలు, పిన్నులు, అరిగిన తాళంచెవులు, ఎవరివో ఎందుకో తెలియని ముక్కలు. గ్లాసు కింద లావుపాటి అక్షరాలు కనపడుతున్నాయి. చప్పుడు లేని బస్సులు మాకొద్దు. ఆ కింద వరసగా గీతలు. మొదటి గీత పోయినవాడి భార్యది, అంటే చిన్నకోడలిది. అది నిండాకే మిగతా పేటంతా సంతకాలకి వరస కడుతుంది.

ఆఫీసరమ్మ పోయినవాడికి సొంత అక్క. నగర రవాణా కార్యాలయంలో, పొగ బస్సులు తీసేసి కరెంటు బస్సులు కొనాలని ఆరేళ్ళు కాళ్ళరిగేలా తిరిగిన మనిషీ ఆవిడే. ఇరవై రోజుల కిందట తమ్ముడు పడింది ఆ కరెంటు బస్సు కిందే. ఈ రెండు ముక్కలూ ఒకే ఇంట్లో ఎలా ఇమిడాయని పేట వాళ్ళు ఆశ్చర్యపోతున్నారు. ఇమడలేదు. అదే ఈ ఇంటి గొడవ.

"రేపు సభలో చేతులెత్తుతారు," అంది ఆఫీసరమ్మ. "ఇంకో రెండొందల బస్సులు కొనాలా వద్దా అని. మొదటి సంతకం నీదైతే ఒక్క చెయ్యి లేవదు. ఉన్నవాటిని కూడా వెనక్కి పంపేస్తారు."

"చేతులు లేస్తే ఆయన లేచొస్తాడా వదినా?"

"నేను మాత్రం తమ్ముణ్ణి పోగొట్టుకోలేదూ?"

"పోగొట్టుకున్నావు. నీకు తమ్ముడూ ఉండేవాడు, బస్సులూ ఉన్నాయి. ఒకటి పోయినా రెండోదాన్ని పట్టుకుని ఏడవచ్చు. నాకున్నది ఒక్కటే."

నోట్లో నాలుక లేని పిల్ల అని పెళ్ళినాడు అందరూ మెచ్చుకున్న కోడలు ఇది. ఇరవై రోజుల్లో ఆ నాలుక ఎక్కణ్ణుంచి మొలిచిందో గాని, మొలిచింది.

ఆఫీసరమ్మ కుర్చీలో కూలబడింది. పక్కనున్న దుప్పట్ల దొంతర మీద చెయ్యి పెట్టి, వేళ్ళు చూసుకుంది. నల్లగా అంటుకుంది.

"ఇదేంటి?"

"మసి. పాత డీజిలు బళ్ళు పదకొండు ఈ వారం మళ్ళీ తిప్పుతున్నారుగా. నిన్న ఆసుపత్రి వాళ్ళు పదహారు దుప్పట్లు వెనక్కి పంపారు. పొగ కంపు కొడుతున్నాయట."

"చూశావా మరి! నువ్వే చూస్తున్నావు. అయినా..."

"చూస్తున్నా. మీ బస్సులొచ్చాక ఆర్నెల్లు డాబా మీద దుప్పట్లు మల్లెపువ్వుల్లా ఆరాయి. కాదనను. అలా ఆరినందుకు మనిషిని ఇచ్చుకోవాలని ఎవరూ చెప్పలేదు."

 వాదన చాలనప్పుడు ఎప్పుడూ చేసే పనే చేసింది ఆఫీసరమ్మ. అన్నగారి మీదికి తిరిగింది.

"అన్నయ్యా! నువ్వైనా చెప్పవేం?"

గడప మీద కూర్చున్న పెద్దాయన ఉలిక్కిపడ్డాడు. డిపోలో ఆయన్ని చెవిమేస్త్రి అంటారు. స్క్రూడ్రైవరు పిడి చెవికి ఆనించి, రెండో కొస ఇంజను మీద పెట్టి, లోపల ఏం రోగమో చెప్పేసేవాడు. పెళ్ళి మాట ఎత్తితే, "నలభై ఇంజన్లతో కాపరం చేస్తున్నాను, ఇంకొకరు దేనికి" అని నవ్వించేవాడు. కరెంటు బస్సులొచ్చాక ఆరు వారాలు శిక్షణ ఇచ్చి ఉద్యోగంలోనే ఉంచారు. ఉద్యోగం ఊడలేదు గాని చెవులకి పని ఊడింది.

ఇప్పుడైతే ఆయన పని ఇంకోటి. రోజూ డిపో యార్డులోకి వెళ్ళి, తల వంచుకుని, గోడ దగ్గర్నుంచి గేటు దాకా నేల చూసుకుంటూ నడుస్తాడు. వంగుతాడు, వేలితో మట్టి కెలుకుతాడు, మళ్ళీ నడుస్తాడు. తమ్ముడు పోయిన దిగులుకి మతి చలించిందని తోటి మెకానిక్కులు పక్కకి తప్పుకుంటున్నారు.

"పొద్దున్నే బళ్ళు బయటికి పంపేది నువ్వే కదా," అంది చెల్లెలు. "మెల్లగా కదిలేటప్పుడు మనుషులకి వినపడాలని ప్రతి బస్సుకీ కూతపెట్టె పెట్టించాను. ఖర్చు దండగ అని పైవాళ్ళు ఎనిమిదిసార్లు కొట్టేస్తే, తొమ్మిదోసారి మళ్ళీ నా చేత్తో రాశాను ఆ షరతు. అలాంటిది ఆ రోజు ఆ ఒక్క బండి ఎందుకు కూయలేదు?"

"నాకేం తెలుసు."

"నీకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?"

చెవిమేస్త్రి నీళ్ళు నమిలాడు. చెల్లెలి వంక చూడలేదు.

డిపోలో ఒక మాట ఉంది. తల తిప్పినవాడు కొత్తవాడు. పాతకాపులు యార్డుకి అడ్డం పడి నడిచేటప్పుడు వెనక్కి చూడరు. ఏ బండి ఎటునుంచి వస్తోందో, ఎవరు తోలుతున్నారో చెవే చెప్పాలి. చేతిలో టీ గ్లాసుతో, పది బళ్ళ మధ్య నుంచి, తల తిప్పకుండా, చుక్క ఒలక్కుండా దాటడం వాళ్ళకి గొప్ప. పోయిన తమ్ముడు, చిన్నోడు, పదహారేళ్ళు ఆ యార్డులో డ్రైవరు. టిఫిను డబ్బా పట్టుకుని ఆ పొద్దున కూడా అలాగే దాటాడు. గోడ దగ్గర్నుంచి వెనక్కి వస్తున్న బండి అతని చెవికి ఏమీ చెప్పలేదు.

"వచ్చిందా?"

లోపలి గదిలోంచి ముసలావిడ గొంతు.

చిన్నకోడలు ఇస్త్రీపెట్టె నిలబెట్టింది. "ఏది అత్తయ్యా?"

"అదేనే. ఊఁ అంటోంది. గోడవతల. వినపడ్డం లేదూ?"

ముగ్గురూ ఆగి విన్నారు. ఎక్కడో కాకి అరిచింది. కుళాయి కింద బకెట్లో చుక్క పడింది. అంతకుమించి ఏమీ లేదు.

గోడకి అవతల, ఈ ఇంటి కిటికీకి సూటిగా, ఆ బస్సుంది. బ్యాటరీల తీగలు విప్పేసి, తలుపులకి సీలు వేసి, మీద పట్టా కప్పి వదిలేశారు. ప్రాణం లేని బండి మూలగడమేమిటి? అయినా రోజూ పొద్దునా సాయంత్రం ముసలావిడకి అది మూలుగుతూనే ఉంటుంది. మొదట్లో పెద్దావిడ భ్రమ అనుకున్నారు. మొన్నట్నుంచి పాలవాడు కూడా గోడ వెంబడి రావడం మానేసి చుట్టు తిరిగి వస్తున్నాడు.

"ఏం లేదత్తయ్యా. పడుకోండి."

"పడుకునే ఉన్నానే. నిద్ర పట్టొద్దూ?"

గడప మీద చెవిమేస్త్రి రెండు చెవులూ మూసుకున్నాడు. చూసినవాళ్ళు తల్లి మాట వినలేక అనుకుంటారు. నిజానికి ఆ ఊఁ అన్నది ఆయనకి కూడా వినపడుతోంది. తొమ్మిది రోజుల్నుంచి.

సరిగ్గా అప్పుడే ఆఫీసరమ్మ ఫోను మోగింది.

"చెప్పండి... అవును, ఇంట్లోనే ఉన్నాను... పెట్టె తెరిచారా?"

విచారణ కోసం బయట నుంచి వచ్చిన నిపుణుడు ఆ పొద్దునే బస్సు సీలు తీశాడు. ఆవిడ వింటూ వింటూ లేచి నిలబడింది. ముఖం మీద ఆరు రంగులు మారాయి. ఫోను దింపి, రెండు చేతులూ గుండెల మీద పెట్టుకుని, ఇరవై రోజుల తర్వాత మొదటిసారి నిండా ఊపిరి తీసుకుంది.

"బస్సు తప్పు కాదు! పెట్టె బాగుంది, తీగలు బాగున్నాయి. ఫ్యూజు లేదట. అసలు ఫ్యూజే లేదట అందులో! ఎర్రది, గోరంత ఉంటుంది. కాలిపోలేదు, విరగలేదు. ఎవరో చేత్తో లాగేశారు."

చిన్నకోడలు చెయ్యి ఆగింది.

"నాలుగింటికి బ్యాటరీ కలిపి, కొత్త ఫ్యూజు వేసి కూయించి చూస్తారట. అది కూసిందంటే బళ్ళ మీద మచ్చ పోయినట్టే. ఇక మిగిలింది ఆ లాగినవాడు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, నేను పట్టుకుంటాను. డిపోలోవాడే ఎవడో. నా తమ్ముణ్ణి మింగినవాణ్ణి ఊరికే వదలను. అన్నయ్యా, వింటున్నావా?"

గడప మీద ఎవరూ లేరు. చెవిమేస్త్రి ఎప్పుడు లేచాడో, పెరటి కుళాయి దగ్గర నిలబడి ముఖం మీద నీళ్ళు చల్లుకుంటున్నాడు. చల్లుకుంటూనే ఉన్నాడు.

"అదేంటి, నీకేమైంది?" అంది ఆఫీసరమ్మ మరదలి వంక తిరిగి.

దుప్పటి మీద ఇస్త్రీపెట్టె అలాగే ఉంది. కమురు వాసన వస్తోంది. చిన్నకోడలు గభాలున పెట్టె ఎత్తింది. తెల్లటి గుడ్డ మీద గోధుమరంగు మచ్చ పడింది. పన్నెండేళ్ళ పనిలో ఆమె మాడ్చిన మొదటి దుప్పటి.

"ఏం లేదు వదినా. డాబా మీద బట్టలున్నాయి. తీసుకొస్తా."

వెళ్తూ వెళ్తూ గుండీల గ్లాసు కూడా చేత్తో పట్టుకెళ్ళింది. గ్లాసు లేచిన కాయితం గాలికి ఎగిరి కింద పడింది. ఆఫీసరమ్మ దాన్ని కాలితో తొక్కిపెట్టి, మళ్ళీ ఫోను చెవికి పెట్టుకుంది.

డాబా మీద ఆరు తీగలు. తీగకి ఎనిమిదేసి దుప్పట్లు. చివరి తీగ మీద మాత్రం ఒక డ్రైవరు చొక్కా, ఒక ప్యాంటు. చిన్నోడివి. రోజూ ఉతుకుతుంది వాటిని. మాసినవి కావు. ఎండకి రంగు వెలిసిపోతున్నా ఉతుకుతూనే ఉంది. గాలి వీచినప్పుడు ఆ చొక్కా చేతులు లేస్తాయి. దుప్పట్ల మధ్య నుంచి చూస్తే ఎవరో నడిచి వస్తున్నట్టు ఉంటుంది. అందుకే ఉతుకుతుంది.

పిట్టగోడ మీద గ్లాసు బోర్లించింది. గుండీలు దొర్లాయి. తాళంచెవి ఒకటి టంగుమంది. వాటి మధ్య నుంచి ఎర్రగా, గోరంత ముక్క బయటికొచ్చింది.

మెట్ల మీద అడుగుల చప్పుడైంది. ఎవరో చూడాల్సిన అవసరం లేదు.

"ఇదేనా బావగారూ, మీరు ఇరవై రోజులుగా యార్డులో వెతుకుతున్నది?"

చెవిమేస్త్రి తీగ కింద నేల మీద అలాగే కూర్చుండిపోయాడు.

"ఎక్కడ దొరికింది?"

"మీ చొక్కా జేబులో. ఆ రోజు చొక్కా. మీరు ఆయన్ని ఎత్తుకున్న చొక్కా. మూడు నీళ్ళు మార్చినా ఎరుపు వదల్లేదు. ఈ ముక్క కూడా ఎర్రగా ఉంటే, ఇదీ ఆయన నెత్తురే అనుకుని రుద్దాను. పోలేదు. తర్వాత గ్లాసులో వేశాను."

"పడిపోయిందనుకున్నాను. వాణ్ణి ఎత్తుతున్నప్పుడు..."

"ఎందుకు తీశారు?"

  గోడవతల పట్టా గాలికి టపటపలాడింది. ఆయన కళ్ళు అటు పోయి, వెంటనే వెనక్కి వచ్చాయి.

"అమ్మకి నిద్ర పట్టేది కాదు."

"ఏమిటీ?"

"నలభై ఏళ్ళు డీజిలు మోతలో నిద్రపోయిన మనిషి. ఆ మోత ఆమెకి జోలపాట. కొత్తబళ్ళు వచ్చాక ఆ సన్నటి కూతకి తట్టుకోలేకపోయింది. ఎవరో ముక్కుతో ఏడుస్తున్నట్టుందిరా, ఆపరా అని రోజూ పోరు. చెవిన ఇల్లు కట్టుకుని పోరింది. సరే అనుకున్నాను. గోడ పక్కన నిలబెట్టే నాలుగు బళ్ళకే. రాత్రి ఫ్యూజులు తీసి జేబులో వేసుకునేవాణ్ణి. పొద్దున్నే అవి గేటు దాకా వెళ్ళాక, అక్కడ వంగి మళ్ళీ పెట్టేవాణ్ణి. రోడ్డెక్కే బండి ప్రతీదీ కూస్తూనే వెళ్ళేది. ఆ పొద్దున కూడా మూడింటికి పెట్టేశాను, నాలుగోది గేటు దాకా రానేలేదు. గోడ నుంచి గేటుకి ఎనభై అడుగులు. ఎనభై అడుగులేగా అనుకున్నాను."

"ఎన్నాళ్ళు?"

"నాలుగు నెలలు."

"నాలుగు నెలలు," అంది ఆమె. లెక్క పెట్టుకుంటున్నట్టు కాదు, ఆ మాట ఎంత బరువుందో చూసుకుంటున్నట్టు. "ఆయనకి తెలుసా?"

"తెలియదు. ఎవ్వరికీ తెలియదు."

"నేనొకసారి అడిగాను. కొత్తబళ్ళు చప్పుడు చెయ్యవటగా, యార్డులో కాస్త వెనకా ముందూ చూసుకుని నడవమని. నవ్వాడు. మా అన్నయ్య చెవులు యార్డులో ఉండగా నేను తల తిప్పడమేంటే, పరువు పోదూ అన్నాడు."

చెవిమేస్త్రి ఏడ్చాడు. యాభై దాటిన మగవాడు మోకాళ్ళ మధ్య తల పెట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడుస్తుంటే ఆమెకి జాలి కలగాలి. కలగలేదు. తనకి జాలి కలగనందుకు ఆమెకి భయం వేసింది.

"రోజూ చెప్పేద్దామనే వెళ్తానమ్మా. ఉద్యోగం పోతే పోయె. జైల్లో పెట్టినా సరే. కానీ చెప్పగానే ఎందుకు తీశావని అడుగుతారు. మా అమ్మ నిద్ర కోసమని చెప్పాలి. పొద్దుగూకేలోపు ఆ మాట పేటంతా తిరిగి అమ్మ దగ్గరికొస్తుంది. చిన్నకొడుకు తన నిద్ర కింద పడి పోయాడని తెలిశాక ఆవిడ బతుకుతుందా? చెప్పు, బతుకుతుందా?"

"అందుకని తప్పు బస్సు మీద వేశారు."

"నేనేం వెయ్యలేదు. ఊరుకున్నాను. అంతే."

"ఊరుకోవడమంటే అదే బావగారూ! ఆ బండి తోలిన మనిషి ఇరవై రోజులుగా ముద్ద ముట్టడం లేదట. అద్దంలో చూసుకోలేదు, నేనే చంపానని ఒకటే గోల. వదిన ఆరేళ్ళ కష్టం ఆవిడ మొహానే కొడుతున్నారు. నేను నా చేత్తో సంతకం పెట్టి మీ ఊరుకోవడాన్ని గట్టి చెయ్యబోయాను. ఒక్కసారి, ఒక్కసారైనా నాతో చెప్పాలనిపించలేదా?"

"నీ మొహం చూడలేకపోయాను."

"చూడకుండా నా చేతి టీ తాగారు. రోజూ రెండుపూటలా."

గోడవతల పాత డీజిలు బండి ఒకటి గర్రుమని గేటు దాటింది. నల్లటి పొగ లేచి, మెల్లగా వాలి, దుప్పట్ల మీద పరుచుకుంది. మామూలుగా అయితే ఆమె పరుగెత్తి తీసేది. ఇప్పుడు నిలబడి చూసింది. చివరి తీగ మీద చిన్నోడి చొక్కా ఒకసారి చేతులెత్తి దింపింది.

"నువ్వేం చెయ్యమంటే అది చేస్తానమ్మా," అన్నాడు చెవిమేస్త్రి. "చెప్పమంటే చెప్తాను. వద్దంటే ఈ ముక్క కాలవలో పడేస్తాను."

"నన్నడక్కండి!" ఆమె గొంతు కింద ఇంట్లోకి కూడా వినపడింది. "మొగుణ్ణి ఇచ్చాను. తీర్పు కూడా నన్నే చెప్పమంటారా?"

కింద తలుపు చప్పుడైంది. ఎవరో వేళ్ళతో కాదు, అరచేత్తో కొడుతున్నారు.

"చెల్లెమ్మా! మేమే. సంఘం వాళ్ళం."

నాలుగు అయింది.

డిపో కార్మికుల సంఘం పెద్ద చెడ్డవాడేం కాదు. కరెంటు బస్సులొచ్చాక డీజిలు మెకానిక్కులు పద్నాలుగు మంది ఇంటిదారి పట్టారు. వాళ్ళ పెళ్ళాలు రోజూ ఆయన గుమ్మంలో కూర్చుంటున్నారు. చిన్నోడి చావు ఆయనకి దేవుడిచ్చిన అవకాశంలా కనపడిందంటే, అందులో ఆయన దుఃఖం కూడా ఉంది. పాడె మోసినవాళ్ళలో ఆయనొకడు.

చిన్నకోడలు మెట్లు దిగింది. వెనకే చెవిమేస్త్రి. మధ్యమెట్టు మీద ఆగి, "ఇలా ఇవ్వమ్మా" అని చెయ్యి చాపాడు. ఆమె ఒక్క క్షణం ఆలోచించి ఆ ఎర్రముక్క ఆయన అరచేతిలో పెట్టింది. ఆయన పిడికిలి మూసి తలుపు వైపు నడిచాడు. చెప్పడానికి వెళ్తున్నాడో, పారెయ్యడానికి వెళ్తున్నాడో ఆయన నడకలో తెలియలేదు.

లోపలి గది గుమ్మం పట్టుకుని ముసలావిడ నిలబడి ఉంది. ఈ ఇరవై రోజుల్లో ఆవిడ తనంతట తాను మంచం దిగడం ఇదే మొదలు.

"ఎవరొచ్చార్రా?"

"సంఘం వాళ్ళమ్మా. నువ్వు లోపలికి వెళ్ళు."

"చేతిలో ఏముంది?"

"ఏం లేదు."

"చిన్నప్పట్నుంచీ దొంగిలించినదేదైనా ఎడంచేతిలోనే దాస్తావు. ఇలా రా. తెరువు."

బయట మళ్ళీ తలుపు కొట్టారు. ఆఫీసరమ్మ ఫోను చేతిలో పట్టుకుని అలాగే చూస్తోంది. చెవిమేస్త్రి తల్లి ముందుకి వెళ్ళి పిడికిలి తెరిచాడు.

ముసలావిడ కళ్ళకి అది ఆనలేదు. చూపుడువేలితో తడిమింది. ఇటు తిప్పింది, అటు తిప్పింది. గోటితో గీకింది.

"ఇంతేనా?" అంది. "ఇంత చిన్నదా?"



"అమ్మా... నీకు..."

"నేను ఆపమన్నది ఆగింది. అది ఆగినచోట వాడు పడ్డాడు. ఇది తెలుసుకోవడానికి పెద్ద చదువులు కావాల్ట్రా?" గొంతులో ఏడుపు లేదు. ఏడుపు ఎప్పుడో అయిపోయింది. "ఆ పొద్దున నాకు నిద్ర పట్టలేదు. లేచి కిటికీ దగ్గరే కూర్చున్నాను. హాయిగా ఉందనుకున్నాను. ఏమీ వినపడలేదు. వాడి టిఫిను డబ్బా కింద పడిన చప్పుడు తప్ప."

చిన్నకోడలు గోడకి జారబడింది.

"నువ్వు చెప్పకుండా ఉంటే, నేను తెలియనట్టుంటే, ఎలాగో బతికేస్తాం అనుకున్నాను నాన్నా. దాన్ని చూస్తే బతకబుద్ధి కావడం లేదు," అని చిన్నకోడలి వైపు గడ్డం చూపించింది. "పద. నేనూ వస్తాను. ఆపమన్నది నేను. ముందు నా మాట చెప్పు, తర్వాత నీ పేరు."

ఆఫీసరమ్మ ముందుకొచ్చింది. ఇందాకే దొంగని పట్టుకుంటానని శపథం చేసిన మనిషి, అన్నగారి చేతిలోంచి ఆ ఫ్యూజు లాక్కోబోయింది. "వద్దు. ఎవరూ ఎక్కడికీ వెళ్ళొద్దు. అది నాకిచ్చెయ్. నేను చూసుకుంటాను. బస్సులు పోతే పోనీ అన్నయ్యా. పోతే పోనీ!"

ఆ మాట అన్నాక తనే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

అప్పుడు వినపడింది.

గోడవతల నుంచి, సన్నగా, ఎవరో ముక్కుతో ఏడుస్తున్నట్టు. ఊఁ... మెల్లగా లేచి, కిటికీ ఊచల్ని వణికించి, ఇల్లంతా నిండింది.

"ఇదే," అంది ముసలావిడ. "రోజూ వినపడేది ఇదే. ఇవాళ మీకూ వినపడుతోందా?"

కొత్త ఫ్యూజు వేసి కూయించి చూస్తున్నారని అందరికీ తెలుసు.  పదహారేళ్ళు తల తిప్పకుండా నడిచిన తమ్ముడికి ఈ కూత ఒక్క నిమిషం వినపడి ఉంటే! చెవిమేస్త్రి, ముప్పై ఏళ్ళ పనిలో ఏ బండి చప్పుడికీ తల తిప్పనివాడు, మెడ తిప్పి గోడ వైపు చూశాడు.

బయట సంఘం వాళ్ళు కూడా విన్నట్టున్నారు. తలుపు కొట్టడం ఆగిపోయింది.

"చెల్లెమ్మా," అన్నాడు సంఘం పెద్ద, ఈసారి చిన్నగా. "ఏమిటమ్మా ఆ చప్పుడు?"

ముసలావిడ కాలితో తడుముతూ చెప్పులు వెతుక్కుంటోంది. ఆఫీసరమ్మ అన్నగారి చొక్కా పట్టుకుని వదలడం లేదు. చిన్నకోడలు కింద పడున్న కాయితం తీసి, దాని మీద చెప్పుకాలి మట్టి దులిపి, తలుపు దగ్గరికి వెళ్ళి గడియ మీద చెయ్యి వేసింది. పై గీత ఇంకా ఖాళీగానే ఉంది.